అప్పు లేని కాశీయాత్ర

మా అమ్మకు కాశీయాత్ర కోరిక నలభై ఏళ్ల నాటిది. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో మాకు రెండెకరాల బత్తాయి తోట ఉండేది. ప్రతి ఏటా కాత అమ్మగానే కాశీకి వెళ్దామని మా నాయన మాట ఇచ్చేవాడు, ఆ డబ్బు ప్రతి ఏటా బోరు మీదికే మళ్లిపోయేది. చెట్లు ఎండిపోకుండా కాపాడుకోవడానికి ఆయన నాలుగు బోర్లు వేయించాడు. రెండింటిలో చుక్క నీరు పడలేదు. వాటి కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తోట పోయిన తర్వాత కూడా మా ఇంటిని వదలలేదు. అందుకే, నాయన సంవత్సరీకం ముగిసిన నాడు నేను కాశీ మాట ఎత్తగానే, అమ్మ ముందుగా అన్న మాట ఇది: "అప్పు జేసి కాశీకి పోతే ఆ పుణ్యం అప్పిచ్చినోనికే పోతది బిడ్డా. నీ కాడ పైసలుంటేనే పోదాం."

నా దగ్గర పొదుపు ఉంది కానీ, అది అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచినది. రైలులో అయితే ఖర్చు తక్కువే. అయితే సికింద్రాబాద్ నుంచి కాశీ వరకు ఇరవై నాలుగు గంటలకు పైగా బెర్తు మీద కూర్చోవడం మా అమ్మ మోకాళ్లకు సాధ్యమయ్యే పని కాదు. మా వైపు ఊళ్లలో కృష్ణా నీరు నల్లాల్లోకి రాక ముందు అందరం తాగింది ఫ్లోరైడ్ నీళ్లే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు చేటు అని పుస్తకాల్లో చదువుకున్నాం, మా పెద్దవాళ్ల కాళ్లలో దాన్ని కళ్లారా చూశాం. హైదరాబాదు నుంచి వారణాసికి నేరుగా వెళ్లే విమానంలో ప్రయాణం రెండు గంటలు. అమ్మకు, నా భార్యకు, నాకు కలిపి రానూ పోనూ టికెట్లకు 36,000 రూపాయలు అవుతాయని లెక్క తేలింది.

ఆ సమయంలోనే నాతో పాటు పాఠశాలలో పనిచేసే ఒక ఉపాధ్యాయుడు, క్రెడిట్ కార్డు తీసుకున్న కొత్తలో ఇచ్చే వెల్‌కమ్ బోనస్ పాయింట్లను విమాన టికెట్లుగా మార్చుకుని తన తల్లిదండ్రులను తిరువనంతపురం పంపిన సంగతి చెప్పాడు. నేను మొదట ఒప్పుకోలేదు. కార్డు అంటే అప్పు అనే భయం అమ్మ నుంచి నాకూ వచ్చింది. అయినా షరతులు చదివాను, నెల రోజుల పాటు ఓపికగా చదివాను. చదివిన కొద్దీ నాకు అర్థమైన విషయం ఒక్కటే. ఎలాగూ చేయక తప్పని ఖర్చును కార్డు మీదుగా నడిపించి, బిల్లు మొత్తాన్ని గడువులోపల కట్టేసే వాడికి ఆ పాయింట్లు నిజంగానే మిగులుతాయి. ఒక్క నెల మొత్తం కట్టలేకపోయినా అవి వడ్డీలో కరిగిపోతాయి.

ఈ లెక్కను అమ్మకు మా నాయన భాషలోనే చెప్పాను. కార్డు బిల్లు పూర్తిగా కట్టకుండా, వాళ్లు చూపే ఐదు శాతం కనీస మొత్తం మాత్రమే కడితే, మిగిలిన దాని మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 రూపాయలు, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మీ నాయన తెచ్చిన మిత్తి కంటే ఎక్కువనే ఉన్నది గదా" అన్నది. ఎక్కువే అన్నాను. అందుకే మొత్తం బిల్లు జీతం ఖాతా నుంచి దానంతట అదే కట్టబడేలా మొదటి రోజే ఏర్పాటు చేస్తానని, కాశీకి బయలుదేరే రోజు కార్డు మీద ఒక్క రూపాయి బాకీ కూడా ఉండదని మాట ఇచ్చాను. ఆ మాట మీదనే ఆమె ఒప్పుకున్నది.

నేను తీసుకున్న కార్డుకు ప్రవేశ రుసుము 5,000 రూపాయలు, జీఎస్టీతో కలిపి 5,900. రుసుము కట్టగానే కొన్ని పాయింట్లు, తొంభై రోజుల్లో లక్షన్నర ఖర్చు చేస్తే మరికొన్ని పాయింట్లు అనేది వాళ్ల షరతు. నా భార్య కూడా ఉద్యోగిని కావడం వల్ల రెండు నెలల తర్వాత ఆమె పేరుతో 1,180 రూపాయల రుసుముతో చిన్న కార్డు ఒకటి తీసుకున్నాం. ఇద్దరి దరఖాస్తులు రెండు వేరు వేరు పేర్ల మీద ఉండటం మంచిదయింది. ఒకే మనిషి వెంటవెంటనే రెండు మూడు కార్డులకు దరఖాస్తు పెడితే బ్యాంకు చేసే ప్రతి విచారణా మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో నమోదవుతుంది, రేపు ఇంటి అప్పుకో చదువు అప్పుకో వెళ్లినప్పుడు అది కనబడుతుంది.

లక్షన్నర అంటే పెద్ద మొత్తంలా వినబడుతుంది కానీ, మాకు అది కొత్త ఖర్చు కాదు. అమ్మాయి కాలేజీ ఫీజు ఒక్కటే అందులో సగానికి పైగా ఉంది. డబ్బు ముందే బ్యాంకులో ఉంది కాబట్టి, ఫీజును కార్డుతో కట్టి, ఆ సొమ్మును బిల్లు తేదీ వరకు కదిలించకుండా ఉంచాను. కిరాణా, మందులు, కరెంటు బిల్లు, ఇంటికి వేయించిన రంగులు అన్నీ దాని మీదుగానే నడిచాయి. చిట్టాలా ఒక నోటు పుస్తకం పెట్టి, కార్డు గీసిన ప్రతిసారీ ఆ మొత్తాన్ని రాసుకున్నాను.

అయినా ఒక పొరపాటు జరిగింది. తొంభై రోజుల గడువుకు పన్నెండు రోజుల ముందు బ్యాంకు లెక్కను నా పుస్తకంతో సరిచూస్తే 14,200 రూపాయలు తేడా వచ్చింది. స్కూటరు పెట్రోలు, ఫోన్ వాలెట్‌లో వేసుకున్న డబ్బు బోనస్ లెక్కలోకి రావని షరతుల్లో చిన్న అక్షరాలతో ఉన్న వాక్యాన్ని నేను దాటిపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవసరం లేని వస్తువు ఏదైనా కొని ఆ లోటు పూడ్చుకోవాలనే ఆలోచన వచ్చిన మాట నిజం. అది అమ్మకు ఇచ్చిన మాటకు విరుద్ధమని ఆగిపోయాను. మరునాడు మా బావమరిది ఇంటికి ఫ్రిజ్ కొనబోతున్నాడని తెలిసి, దుకాణంలో నా కార్డుతో కట్టి, అక్కడికక్కడే ఆయన నుంచి యూపీఐలో డబ్బు తీసుకుని నా ఖాతాలో వేసుకున్నాను. ఇటువంటి యాత్ర తలపెట్టే వారు ఏ ఖర్చు లెక్కలోకి వస్తుందో, ఏది రాదో ఆ ఒక్క పేజీని మాత్రం రెండుసార్లు చదవాలి.

పాయింట్లు జమ కావడానికి మరో నెలన్నర పట్టింది. కార్తీక పౌర్ణమికి కాశీలో ఉండాలనుకున్న మా ఆలోచన అక్కడే జారిపోయింది. ఎందుకంటే కార్డు పాయింట్లను ముందు విమాన సంస్థ ఇచ్చే మైళ్లుగా మార్చుకోవాలి, ఆ మైళ్లతో ఇచ్చే సీట్లు విమానంలో కొన్నే ఉంటాయి, పండుగ రోజుల్లో అవి ముందే అయిపోతాయి. ఒకసారి పాయింట్లను విమాన సంస్థ మైళ్లుగా మార్చితే తిరిగి వెనక్కి రావు కాబట్టి, మూడు సీట్లు ఒకే విమానంలో ఉన్నాయని తెరమీద చూసిన తర్వాతనే మార్చాను. మార్గశిరంలో దొరికాయి. టికెట్లకు మైళ్లు పోగా, పన్నులు, విమానాశ్రయ రుసుములు 8,400 రూపాయలు నగదుగా కట్టవలసి వచ్చింది. రుసుములన్నీ కలిపితే 36,000 ప్రయాణం 15,480లో తేలింది. ఉచితం అనే మాట వాడను, కానీ మిగిలిన ఇరవై వేలు గయ వరకు కారు మాట్లాడుకోవడానికి, నాయన పేరున కర్మ చేయించడానికి సరిపోయాయి.

బయలుదేరే ముందు సోమవారం అమ్మను నల్లగొండ పక్కనున్న పానగల్లు తీసుకువెళ్లాను. ఛాయా సోమేశ్వరుని గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే ఆ నీడను చూస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. తర్వాత, "ఫోను తీయి, బాకీ సూపెట్టు" అన్నది. గుడి మెట్ల మీదనే చూపించాను. రెండు కార్డుల మీదా సున్న ఉంది. ఆమెకు అక్షరాలు రావు, సున్న మాత్రం గుర్తు పడుతుంది.

నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరాం. చలికాలం ఉదయాల్లో వారణాసిలో పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమవుతాయని విని మధ్యాహ్నపు విమానం ఎంచుకున్నాం. టికెట్ తీసుకున్నప్పుడే చక్రాల కుర్చీ కోరాం కనుక అమ్మకు ఎక్కడా నడక లేకుండా పోయింది. అత్తమ్మ ఆకలికి ఆగలేదని నా భార్య ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి విమానంలోనే పంచింది.

కాశీలో మొదట కాలభైరవుని దర్శించుకుని, మరునాడు ఉదయం కేదారఘాట్‌కు వెళ్లాం. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. ఒక పక్క నేను, ఒక పక్క నా భార్య పట్టుకోగా, మెట్టుకొక నమశ్శివాయ అంటూ అమ్మ దిగింది. మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నది. చివరి మెట్టు మీద కూర్చుండబెట్టి చెంబుతో నీళ్లు పోయబోతే వద్దని, తానే ముందుకు జరిగి, వంగని మోకాళ్లను రెండు చేతులతో ఎత్తి నీళ్లలో పెట్టుకున్నది. ఉత్తరానికి పారే గంగ ఆ పాదాల మీద నుంచి పోతుంటే ఆమె మొక్కలేదు, ఏడవలేదు, నీళ్లనే చూస్తూ ఉండిపోయింది. "మీ నాయనకు ఇన్ని నీళ్లు సూపియ్యాల్సి ఉండె" అని మాత్రం అన్నది. తోటకు నీళ్లు లేక చెట్టు చెట్టుకూ బిందెలతో పోసిన మనిషి ఆ మాట అంటే ఎలా ఉంటుందో నేను రాయలేను.

విశ్వనాథుని ఆలయం ఇప్పుడున్న రూపంలో 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించినది. 2021 డిసెంబర్ 13న ప్రారంభమైన విశాలమైన ప్రాంగణం వల్ల, ఇరుకు సందుల్లో తోపులాట లేకుండా గుడి వరకు వెళ్లగలిగాం. నేల మట్టానికి దిగువగా, వెండి తొడుగు మధ్యన ఉన్న చిన్న లింగం మీది బిల్వపత్రాలను పూజారి ఒక్క క్షణం పక్కకు తీయగానే అమ్మకు స్పష్టమైన దర్శనమైంది. బయటికి వచ్చాక, "మన సోమేశ్వరుని మీద నీడ, ఈ అయ్య మీద నీళ్లు, ఇద్దరూ ఒక్కరే" అన్నది. అన్నపూర్ణ, విశాలాక్షి దర్శనాల తర్వాత మానసరోవర్ ఘాట్ దగ్గర ఉన్న ఆంధ్ర ఆశ్రమంలో తెలుగు భోజనం, తెలుగు మాట దొరికాయి.

ప్రయాగలో పడవ మీద త్రివేణీ సంగమానికి వెళ్లి వచ్చి, కారులో గయ చేరాం. 1787లో అహల్యాబాయే తిరిగి కట్టించిన విష్ణుపాద ఆలయంలో నాయనకు పిండప్రదానం చేశాను. ఇష్టమైన పండు ఒకటి అక్కడ వదిలిపెట్టాలని పురోహితులు చెప్పినప్పుడు, నేను వద్దన్నా వినకుండా అమ్మ బత్తాయి వదిలింది. ఇంట్లో ఇక ఎవరు తిన్నా తాను ముట్టనన్నది. తిరిగి వచ్చేటప్పుడు మూతలు మాటు వేయించిన రెండు రాగి చెంబుల గంగను సామాను పెట్టెలో బట్టల మధ్య సర్దాం.

ఇంటి దగ్గర సమారాధన చేసి బంధువులకు కాశీదారాలు కట్టిన తర్వాత నా భార్య కార్డును మూసేయమని బ్యాంకుకు రాశాం. బాకీ ఏమీ లేకపోతే దరఖాస్తు అందిన ఏడు పనిదినాల్లో మూసివేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఐదో రోజుకే మూసివేసినట్టు లేఖ వచ్చింది. నా కార్డును రెండో ఏటి రుసుము పడక ముందే మూయాలా, ఉంచాలా అని ఇంకా తేల్చుకోలేదు.

ఒక చెంబు గంగ పానగల్లు సోమేశ్వరునికి అభిషేకమైంది. రెండోది నాయన ఫోటో పక్కన ఉంది. కాశీ గంగ రామేశ్వరం చేరితేనే యాత్ర నిండుతుందని అమ్మ అంటుంది. నాకు మిగిలిన పాయింట్లు మూడు టికెట్లకు సరిపోవు. ఈ నెల నుంచి పోస్టాఫీసులో నెలకు రెండు వేల రూపాయల ఆర్.డి. మొదలుపెట్టాను. పాసు పుస్తకాన్ని అమ్మ ఆ చెంబు కిందే పెట్టింది.