పన్నెండో వారంలో మాయ ముక్క తీసి చేసిన డీఎన్ఏ టెస్ట్ - నా అనుభవం

చిన్నప్పటి నుంచీ నాకు రక్తం తక్కువే, హిమోగ్లోబిన్ 10 దాటింది లేదు. ఎవరి దగ్గరికెళ్లినా ఐరన్ మాత్రలే, తోటకూర తిను ఖర్జూరం తిను అనడమే, తిని తిని విసుగొచ్చింది గానీ నంబర్ కదల్లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో వారంలో ఒక డాక్టరమ్మ రిపోర్ట్ చూసి, ఐరన్ బానే ఉందమ్మా, ఎర్రకణాలే మరీ చిన్నగా ఉన్నాయి అని ఇంకో టెస్ట్ రాశారు. హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ 5.4 శాతం వచ్చింది, మామూలుగా 3.5 లోపు ఉండాలట. బీటా థలసీమియా క్యారియర్ అన్నమాట, అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవ్వని జబ్బు తాలూకు తప్పు, జీన్ రెండు కాపీల్లో ఒకదాంట్లో ఉంది. నీకేం కాదు, మీ ఆయనకి మాత్రం వెంటనే చేయించు అన్నారు. మా ఆయన మా మేనమామ కొడుకే, అక్కడే గుండెల్లో రాయి పడింది. ఆయనకి 5.1.

ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం బిడ్డకి థలసీమియా మేజర్, అంటే రెండు కాపీల్లోనూ తప్పుండే అసలు జబ్బు, రావచ్చు, వస్తే జీవితాంతం మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

ముందు మా ఇద్దరి డీఎన్ఏ చూడాలని ఊదా మూత ట్యూబుల్లో రక్తం తీశారు. ఎర్రకణాల్లో వెతుకుతారేమో అనుకున్నా, వాటిలో అసలు డీఎన్ఏనే ఉండదంట, ఎదిగేటప్పుడే న్యూక్లియస్‌ని బయటికి నెట్టేస్తాయి, తెల్లకణాల్లోంచి తీస్తారు. తేలిందేంటంటే 11వ క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జీన్‌లో జీ అనే డీఎన్ఏ అక్షరం ఉండాల్సిన చోట సీ ఉంది, ఇద్దరికీ అదే తప్పు. మన దేశంలో ఎక్కువ కనపడేది ఇదేనట, రిపోర్ట్‌లో ఐవీఎస్ 1-5 అని ఉంటుంది. విచిత్రం ఏంటంటే ఆ అక్షరం ప్రోటీన్ రాసే భాగంలో కూడా లేదు, మధ్యలో కత్తిరించి పారేసే ముక్కలో ఉంది. మరి ఎందుకండీ ఈ గోల అని అడిగేశా. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ కాపీ తీశాక కణం అక్కర్లేని ముక్కలు తీసేసి మిగతావి అతుకుతుంది, టైలర్ సుద్దగీత చూసి కత్తెర వేసినట్టు, ఆ గీత పక్కనే అక్షరం మారితే కత్తెర తప్పుచోట పడి చాలా కాపీలు పాడైపోతాయి అని కౌన్సెలర్ మేడం కాగితం మీద గీసి చూపించారు. అప్పటికి గానీ నాకు ఎక్కలేదు.

పన్నెండో వారంలో సీవీఎస్, అదే మాయ ముక్క తీసే టెస్ట్. ఆడో మగో అడగనని సంతకం పెట్టించుకుని, స్కాన్‌లో చూస్తూ పొట్టలోంచి సూది పెట్టి మాయలో చిన్న ముక్క లాగారు. నొప్పి కంటే ఆ లాగుతున్న ఫీలింగే భరించలేకపోయా. డిష్‌లో చూపించారు, నీళ్లలో నానిన దూదిపోగుల్లా తెల్లగా ఉన్నాయి. నా కణాలు కలిస్తే రిజల్ట్ తప్పుతుందని వాటిని మైక్రోస్కోప్ కింద విడదీసి, నా రక్తం కూడా మళ్లీ తీసుకున్నారు పోల్చడానికి.

తొమ్మిది రోజులు. మా అత్త రోజూ దీపం పెట్టేది, నేను ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. పాపకి ఆ జీన్ ఒక్క కాపీలోనే తప్పు, నాలాగే క్యారియర్ అని చెప్పారు.

ఇప్పుడు దానికి నాలుగేళ్లు. మొన్న బళ్లో చెకప్ చేసి రక్తం తక్కువ, ఐరన్ సిరప్ వాడండి అని చీటీ పంపారు, నేను ఫైల్ పట్టుకుని వెళ్లా.