అడిగితేనే బయటపడే బాధ: యూరోగైనకాలజీ శిక్షణలో నా అనుభవం

ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో మూడేళ్ల ఎం.ఎస్. పూర్తి చేసి, హైదరాబాద్‌లోని ఒక బోధనాసుపత్రిలో ఏడాది యూరోగైనకాలజీ ఫెలోషిప్‌లో చేరిన రోజున నా చేతిలో చూసిన కేసులు రాసుకునే ఒక కొత్త లాగ్‌బుక్, మనసులో చేయవలసిన శస్త్రచికిత్సల జాబితా ఉన్నాయి. గర్భసంచి జారడం, దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోవడం, కాన్పులోనో ఆపరేషన్‌లోనో మూత్రాశయానికి రంధ్రం పడి పగలూ రాత్రీ తడుస్తూ ఉండడం, ప్రసవ సమయంలో మలద్వార కండరం చిరగడం, ఇవే ఈ శాఖ చూసే ప్రధానమైన బాధలు. ఎం.ఎస్. చదివినంత కాలం కాన్పుల రద్దీ మధ్య ఇవి మాకు అప్పుడప్పుడూ ఎదురై వెళ్లిపోయే కేసులే. అందుకే ఈ శాఖలో నేర్చుకోవలసినదంతా థియేటర్‌లోనే ఉంటుందని నమ్మి వచ్చాను.

మొదటి నెల రోజులు మా ప్రొఫెసర్ మేడమ్ నన్ను థియేటర్‌కు రానివ్వలేదు. ఓపీలో తన పక్కన కుర్చీ వేయించి, వచ్చిన ప్రతి స్త్రీతోనూ నన్నే మాట్లాడమన్నారు. అరవై దాటిన ఒక పెద్దావిడ నాగర్‌కర్నూల్ వైపు నుంచి కోడలితో వచ్చి నడుము నొప్పి అని చెప్పింది. కోడలు చీటీ రాయించడానికి బయటికి వెళ్లగానే గొంతు తగ్గించి, “బిడ్డా, దగ్గితె ఒంటేలు పడుతున్నది. కోడలి ముంగట ఎట్ల చెప్పుకోను?” అంది. ఎప్పటి నుంచి అని అడిగితే చిన్నకొడుకు పుట్టినప్పటి నుంచి అంది. ఆ చిన్నకొడుక్కి అప్పటికే ఇద్దరు పిల్లలు. అన్నేళ్లలో ఆమె ఎందరో డాక్టర్లకు చూపించుకుంది. ఒక్కరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు నుంచి వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని చెప్పడం నాకు అలవాటైంది.

మూత్రం అదుపు తప్పడం వల్ల రోజువారీ జీవితం ఎంత దెబ్బతింటోందో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక ప్రశ్నావళి ఉండేది. అందులో వ్యాయామం, ప్రయాణం, స్నేహితులను కలవడం వంటి మాటలు ఉండేవి. నేను వాటిని వరసగా తెలుగులో అడిగేదాన్ని, వాళ్లు “ఏం లేదమ్మా” అనేవారు, నేను గడిలో సున్నా వేసేదాన్ని. ఒక రోజు మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి, నా ఎదుటే ఒకామెను “బతుకమ్మ ఆడుతున్నవా అమ్మా?” అని అడిగారు. ఆమె తల దించుకుంది. వంగి చప్పట్లు కొట్టినప్పుడల్లా తడిసిపోతోందని, ఐదేళ్లుగా పండుగనాడు గడపలో కూర్చుని చూస్తున్నానని చెప్పింది. ఇమ్లీబన్‌లో బస్సెక్కే రోజున నీళ్లు తాగుతున్నావా, పెళ్లికి వెళితే ఏ రంగు చీర కడుతున్నావు, పొలంలో పనికి పోతే ఎన్నిసార్లు పక్కకు వెళ్లాల్సి వస్తోంది అనే ప్రశ్నలు ఆ తర్వాత నేనే కూర్చుకున్నాను. ముదురు రంగు చీరలు తప్ప కట్టడం మానేశామని చెప్పినవాళ్లు నేను ఊహించినదానికంటే ఎంతో ఎక్కువమంది.

ఆ తరువాత కొలవడం నేర్చుకున్నాను. ఎం.ఎస్.లో ఉండగా గర్భసంచి జారిన కేసుకు ‘రెండో డిగ్రీ’ అనో ‘మూడో డిగ్రీ’ అనో రాసి ఊరుకునేవాళ్లం. ఇక్కడ అది చెల్లలేదు. 1996లో ప్రచురితమైన పాప్-క్యూ పద్ధతి ప్రకారం యోని ముందు గోడ మీద రెండు బిందువులు, వెనుక గోడ మీద రెండు, పైభాగాన రెండు, వీటికి తోడు మూడు పొడవులు, మొత్తం తొమ్మిది కొలతలు సెంటీమీటర్లలో తీయాలి. యోని ద్వారం దగ్గరి పొర అయిన హైమెన్ అంచును సున్నాగా తీసుకుంటే లోపల ఉన్నది మైనస్, బయటికి వచ్చింది ప్లస్. చెక్క స్పాచులా మీద బాల్‌పెన్‌తో గీతలు గీసుకుని వాటితోనే కొలిచేవాళ్లం. కొలత తీయడం కష్టం కాదు, ఆ స్త్రీ చేత గట్టిగా ముక్కించడం కష్టం. పరీక్ష బల్ల మీద మూత్రం పడిపోతుందేమోనన్న భయంతో చాలామంది సగం బలంతోనే ముక్కుతారు; అప్పుడు జారింది జారినంతగా కనిపించదు. “ఇంట్లో సాయంత్రం పూట చేతికి తగిలేది ఇంతేనా?” అని అడిగి, ఆమె అవునన్న తరువాతనే కొలత రాయాలని మేడమ్ నియమం. కాదంటే లేచి నిలబడమని చెప్పి మళ్లీ చూసేవాళ్లం.

నా పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. మూడో నెలలో ఒకామెకు యోని ముందు గోడ బాగా జారి బయటికి వచ్చింది. దగ్గమన్నాను, చుక్క పడలేదు. ‘లీకు లేదు’ అని కేస్ షీటులో రాశాను. ఆపరేషన్ బాగా జరిగింది, ఆమె సంతోషంగా ఇంటికి వెళ్లింది. ఆరు వారాల తరువాత వచ్చి, “జారుడు పోయింది మేడమ్, కానీ ఇంతకుముందు లేనిది ఇప్పుడు దగ్గితే తడుస్తున్న” అంది. ముందు గోడ బాగా జారినప్పుడు మూత్రమార్గం మడత పడిన పైపులా ఒంగిపోయి, ఉన్న బలహీనతను దాచిపెడుతుంది. గోడను సరిచేయగానే మడత విడిపోయి, దాగి ఉన్న లీకు బయటపడుతుంది. అందుకే మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు జారిన భాగాన్ని పైకి నెట్టి పట్టుకుని దగ్గించి చూడాలి. ఈ సంగతి పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఆ రోజు మాత్రం చేయలేదు. ముందే చూసి ఉంటే ఆమెకు ఆ అవకాశం గురించి చెప్పి, ఏం చేద్దామో ఆమెతోనే కలిసి నిర్ణయించి ఉండేవాళ్లం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నన్ను చాలా రోజులు వెంటాడింది.

యూరోడైనమిక్స్ గదిలో గడిపిన వారాలు నాకు మరో పాఠం చెప్పాయి. ఒక సన్నని గొట్టాన్ని మూత్రాశయంలో, మరొకదాన్ని పురీషనాళంలో ఉంచి, మూత్రాశయాన్ని నెమ్మదిగా నీటితో నింపుతూ రెండు చోట్ల ఒత్తిడి చూస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసివేస్తే మిగిలేది మూత్రాశయ కండరం స్వయంగా పుట్టించే ఒత్తిడి. దగ్గినప్పుడు రెండు గీతలూ సమానంగా లేచి, తీసివేత గీత చదునుగా ఉంటేనే ఆ పరీక్షను నమ్మాలి. లేకపోతే గొట్టం కదిలిందనో గాలిబుడగ చేరిందనో అర్థం. దగ్గుతోపాటు మూత్రం పడి, కండరం గీత నిశ్చలంగా ఉంటే అది ఒక జబ్బు. దగ్గు లేకుండానే ఆ గీత తనంతట తాను లేచి, ‘వెంటనే పోవాలి’ అనిపించి బట్టలు తడిస్తే అది వేరే జబ్బు. మొదటిదానికి చేసే ఆపరేషన్ రెండోదానికి చేస్తే మేలు జరగకపోగా కీడు జరగవచ్చు. అందరికీ ఈ పరీక్ష అవసరం లేదు. చాలామందికి మూడు రోజుల మూత్రం లెక్క చాలు. చదువు రానివారి కోసం కాగితం మీద సూర్యుడు, చంద్రుడు, నీళ్ల గ్లాసు బొమ్మలు వేసి, ఎన్నిసార్లు వెళితే అన్ని గీతలు పెట్టమనేవాళ్లం. ఆ కాగితాలు నూనె మరకలతో, పసుపు వేలిముద్రలతో తిరిగి వచ్చేవి. ఒక్క గీత కూడా తప్పేది కాదు.

కటి కండరాల వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చారు. దగ్గితే మూత్రం పడేవారికి ఆపరేషన్ మాట ఎత్తకముందు కనీసం మూడు నెలలు, రోజుకు మూడు పూటలా, పూటకు ఎనిమిది సార్లకు తగ్గకుండా చేయించాలి. నోటితో చెప్పి పంపితే సరిపోదని చేతితో పరీక్షించి చూశాకే నాకు తెలిసింది: పైకి బిగించమంటే ఎందరో ఊపిరి బిగబట్టి కిందికి నెడుతున్నారు, అంటే ఉన్న బాధను పెంచుకుంటున్నారు. “నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఎట్ల ఆపుతవో అట్ల” అంటే మాత్రం వెంటనే అర్థమయ్యేది. ఒక్కొక్కరికీ పది నిమిషాలు పట్టే ఈ పనికి రద్దీ ఓపీలో చోటు దొరకడం లేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

థియేటర్‌లోకి వెళ్లాక నేను చేరుకున్నది పెద్ద మార్పు జరిగిన కాలానికి. యోని మార్గంలో అమర్చే మెష్‌ల (కృత్రిమ వలల) అమ్మకాన్ని 2019 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ప్రొలాప్స్ (జారుడు) చికిత్స వరకు, ఆపించింది. రోగి సొంత కణజాలంతో చేసే పాత పద్ధతులను మళ్లీ శ్రద్ధగా నేర్పుతున్నారు. ఇంకా పిల్లలు కావలసిన చిన్న వయసువారికి గర్భసంచిని తీయకుండా టేపుతో పైకి కట్టే శిరోద్కర్, పురందరే పద్ధతులు మన దేశపు వైద్యులవే. వీటిని చూడడానికి వచ్చే అవకాశాలు తక్కువ కాబట్టి, అలాంటి కేసు ఉందంటే సెలవు రోజున కూడా వెళ్లేదాన్ని.

అన్నిటికంటే కష్టంగా నేర్చుకున్నది సాక్రోస్పైనస్ ఫిక్సేషన్. యోని పైభాగాన్ని కటి లోపలి ఒక గట్టి స్నాయువుకు కుట్టి నిలబెట్టే ఆపరేషన్ ఇది. కన్ను పెద్దగా పనిచేయదు, చూపుడు వేలే కన్ను. ముందుగా ఇషియల్ స్పైన్ అనే ఎముక కొన వేలికి తగలాలి, అక్కడి నుంచి లోపలి వైపు స్నాయువు తాడులా తెలియాలి. ఆ ఎముక కొనకు దాదాపు రెండు సెంటీమీటర్లు లోపలికే కుట్టు పడాలి, ఎందుకంటే దాని వెనుక నుంచే పుడెండల్ నరం, రక్తనాళాలు వెళతాయి. నా వేలికి ఏం తగులుతోందో మేడమ్‌కు కనిపించదు. నేను మాటల్లో చెప్పాలి, ఆమె విని సరేనో కాదో చెప్పాలి. “మెత్తగా ఉంది” అంటే “అది కండరం, ఇంకా వెనక్కి” అనేవారు. నాలుగు నెలల పాటు పక్కన నిలబడి వేలు పెట్టి చూశాకే సూది నా చేతికి ఇచ్చారు.

ఫిస్టులా, అంటే మూత్రాశయానికి రంధ్రం పడి యోనిలోంచి మూత్రం కారే బాధ, ఉన్నవారి వార్డు గురించి రాయకుండా ఈ ఏడాది గురించి చెప్పలేను. ప్రసవం గంటల తరబడి ఆగిపోయి బిడ్డ తల ఒత్తిడికి కణజాలం చచ్చి రంధ్రం పడడం పాత కారణం. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవారిలో గర్భసంచి తీయించుకున్నాక వచ్చినవారే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆ ఆపరేషన్లు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి కాబట్టి ఇది మనం ఆలోచించవలసిన సంగతి. ముప్పై ఎనిమిదేళ్ల ఒకామె ఓపీ బల్ల చివర, కిటికీ పక్కన, ఎవరికీ ఆనకుండా కూర్చునేది. లేచినప్పుడల్లా తాను కూర్చున్న చోటును కొంగుతో తుడిచేది. యోనిలో మూడు దూది ఉండలు ఒకదానిపై ఒకటి ఉంచి, మూత్రాశయంలోకి నీలిరంగు మందు ఎక్కించి, ఏ ఉండకు రంగు అంటిందో చూశాం. మధ్యది నీలంగా వచ్చింది. అంటే రంధ్రం మూత్రాశయానిదే, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళానిది కాదు. వాపు తగ్గే వరకు ఆగి, కుట్టాం. అసలు పరీక్ష ఆపరేషన్ తరువాతే: మూత్రాశయం నిండకుండా పద్నాలుగు రోజులు క్యాథెటర్ (మూత్రం గొట్టం) నిరంతరం కారుతూ ఉండాలి. గొట్టం మడత పడినా, రక్తపు గడ్డ అడ్డుపడినా కుట్లు తెగిపోతాయి. రాత్రి డ్యూటీ సిస్టర్, నేను గంటగంటకూ సంచీ చూసి రాసుకున్నాం. పదిహేనో రోజు ఉదయం గొట్టం తీశాక ఆమె మంచం మీద పొడి దుప్పటిని రెండు చేతులతో తడిమి చూసుకుంటూ ఉండిపోయింది.

యోని లోపల చూడడానికి మేము రోజూ చేతిలోకి తీసుకునే సిమ్స్ స్పెక్యులమ్ అనే పరికరానికి పేరు ఇచ్చిన వైద్యుడు సిమ్స్ 1840లలో అలబామాలో ఈ ఆపరేషన్‌ను బానిస స్త్రీల మీద, మత్తు ఇవ్వకుండా, మళ్లీ మళ్లీ చేసి నేర్చుకున్నాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మనకు తెలుసు. అనార్కాకు సుమారు ముప్పై సార్లు చేశాడు. మొదటి ఫిస్టులా కేసుకు ముందు మేడమ్ ఆ ముగ్గురి పేర్లూ నా చేత చెప్పించారు. కొత్తగా వచ్చే పీజీల చేత ఇప్పుడు నేనూ చెప్పిస్తున్నాను.

నా పొరపాటుకు గురైన ఆమె మూడు నెలలు వ్యాయామం చేసింది. లీకు తగ్గింది కానీ పోలేదు. యూరోడైనమిక్స్ చేసి, ఆమెతో రెండుసార్లు కూర్చుని మాట్లాడాక, పొట్ట కండరం మీది పొర నుంచి పట్టీ తీసి మూత్రమార్గం కింద ఊయలలా వేసే ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకుంది. గొట్టం తీసిన రోజు మూత్రం పోసిన తరువాత కూడా లోపల 250 మిల్లీలీటర్లు మిగిలిపోయింది; ఈ ఆపరేషన్ తరువాత కొందరికి అలా అవుతుందని ఈసారి ముందే చెప్పి ఉన్నాం. చిన్న అద్దం పెట్టుకుని తానే సన్నని గొట్టంతో మూత్రం తీసుకోవడం నేర్చుకుంది. పన్నెండో రోజుకు మిగిలేది 40కి తగ్గింది.

నా లాగ్‌బుక్‌లో ఆమె కేసు రెండు పేజీల్లో ఉంది. మొదటి పేజీలో నేను రాసిన ‘లీకు లేదు’ అన్న మాటను కొట్టివేయకుండా, దాని పక్కనే ఎర్ర సిరాతో ‘పైకి నెట్టి చూడలేదు’ అని రాసి తేదీ వేశాను. చివరి మౌఖిక పరీక్షలో ఎగ్జామినర్ గారు పుస్తకం తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగారు. మిగిలిన సమయమంతా ఆ ఒక్క కేసు గురించే అడిగారు.