వేడెక్కితేనే దొరికే గాలి లీకు: పాత పికప్, పదకొండో వారం

దొరికింది! నేను బాగుచేసుకుంటున్న పాత డీజిల్ పికప్‌లో మూడు ఆదివారాలుగా నన్ను తిప్పలు పెట్టిన గాలి లీకు నిన్న సాయంత్రం వేడినీళ్ళ బకెట్లో బుడగలై బయటపడింది. పని పూర్తి కాలేదు, ఇంకొకటి మిగిలే ఉంది. అయినా నిన్న రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

మిగతా పనుల సంగతి: క్లచ్ ప్లేటు మార్చాను, బాగుంది. రేడియేటర్ కారడం ఆగింది. నాలుగు నాజిళ్ళూ సరిగ్గా చిమ్ముతున్నాయి.

ఇక ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ 620 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా తిరుగుతుంది. ఇరవై, ఇరవై రెండు నిమిషాలయ్యేసరికి ఊగడం మొదలవుతుంది. 560కి పడుతుంది, 940కి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు, రేసు (ఇంజిన్ వేగం) మాత్రం దానంతటదే పెరుగుతుంది. నల్లగొండ నుంచి పానగల్లు ఉదయసముద్రం కట్ట దాకా వెళ్ళి రావడానికి కూడా భయపడ్డాను.

దీనికున్నది పాత మైకో డీజిల్ పంపు, డయాఫ్రం గవర్నర్: పల్చటి పొర కదలికతో డీజిల్ మోతాదును అదుపు చేసే భాగం. ఇంజిన్ గాలి పీల్చే దారిలో ఇరుకైన చోటును వెంచురీ అంటారు. అక్కడి వ్యాక్యూమ్ (గాలి లాగుడు) సన్నని ఇనుప పైపు గుండా వచ్చి డయాఫ్రాన్ని లాగి డీజిల్ తగ్గిస్తుంది. ఆ దారిలో బయటి గాలి చొరబడితే లాగుడు తగ్గుతుంది, స్ప్రింగు గెలుస్తుంది, డీజిల్ పెరుగుతుంది. పైపు పూర్తిగా ఊడితే ఇంజిన్ అదుపు తప్పి పరుగెడుతుంది. అందుకే ఈ పరీక్షలన్నింటిలోనూ మా మేనల్లుణ్ణి స్టాప్ కేబుల్ పట్టుకుని కూర్చోబెట్టాను.

మొదటి అనుమానం డయాఫ్రం మీదికే పోయింది. లోపల ఉన్నది రబ్బరు పూసిన చవక రకం, అట్టలా బిగుసుకుపోయింది. తీసేసి తోలుది వేశాను. నా మట్టుకు ఈ పంపుకు తోలు డయాఫ్రం తప్ప మరొకటి వేయకూడదు. చల్లటి ఇంజిన్ మీద ఐడ్లింగ్ ఇంకా మెరుగుపడింది. వేడెక్కాక మాత్రం మళ్ళీ పాత పాటే.

అప్పుడు వ్యాక్యూమ్‌ను కొలవాల్సిందేనని నిశ్చయించుకున్నాను. తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు రెండున్నర మీటర్లు తెచ్చి, చెక్క మీద యూ ఆకారంలో బిగించి, మిఠాయి రంగు కలిపిన నీళ్ళు పోశాను. పక్కన స్టీలు స్కేలు. గవర్నర్ పైపుకు కలపడానికి బత్తాయి తోటలో మిగిలిన డ్రిప్పు టీ (మూడు దారుల జాయింటు) సరిగ్గా సరిపోయింది. నీళ్ళు పంపులోకి పోకుండా మధ్యలో ఖాళీ సెలైన్ సీసా పెట్టాను. ఇది మరిచిపోవద్దు.

చల్లగా ఉన్నప్పుడు రెండు మట్టాల మధ్య తేడా 420 మి.మీ., కదలకుండా ఉంది. వేడెక్కాక 340కీ 450కీ మధ్య ఊగింది. కళ్ళార్పకుండా చూస్తే ఒక క్రమం కనిపించింది: ముందు మట్టాల తేడా తగ్గుతోంది, ఆ తర్వాతే రేసు పెరుగుతోంది. అంటే తప్పు డీజిల్ వైపు లేదు, గాలి వైపే ఉంది.

తర్వాత ఇంజిన్ ఆపి, వెంచురీ దగ్గరి రబ్బరు గొట్టాన్ని గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కి, పశువుల సిరంజితో 500 మి.మీ. దాకా లాగి వదిలి చూశాను. చల్లటి ఇంజిన్‌లో 500 నుంచి 480కి పడడానికి 26 సెకన్లు పట్టింది. వేడి ఇంజిన్‌లో? కన్ను మూసి తెరిచేలోగా సున్నా. వేడి మీదే గవర్నర్‌ను విడిగా పరీక్షిస్తే 19 సెకన్లు, అది నిర్దోషి. రబ్బరు గొట్టాలు రెండూ బాగున్నాయి. ఇనుప పైపు విప్పి, ఒక కొన మూసి లాగితే నిమిషం దాకా చుక్క కదల్లేదు. దాన్నీ మంచిదని పక్కన పెట్టాను. నా మూడు ఆదివారాలు పోయింది ఇక్కడే.

గవర్నర్ మూత స్క్రూలు, ఐడ్లింగ్ స్క్రూ కింది రాగి వాషర్, ప్యాకింగ్ అన్నీ మార్చాను. ఏ తేడా లేదు. చివరికి మిర్యాలగూడలో డీజిల్ పంపులు బాగుచేసే చాచా దగ్గరికి వెళ్ళి అంకెలు రాసిన కాగితం చూపించాను. ఆయన అంతా చదివి ఒక్కటే అడిగారు: "పైపు విప్పాక చల్లారకముందు చూశావా బేటా?"

చూడలేదు. విప్పి, తుడిచి, బల్ల మీదికి తెచ్చేసరికి అది చల్లారిపోతోంది.

నిన్న పైపుకు ఒక కొన మూసి, రెండో కొనకు సైకిలు పంపు తగిలించి, ముందు చన్నీళ్ళలో ముంచాను. ఏమీ లేదు. పొయ్యి మీద మరిగిన నీళ్ళు బకెట్లో పోసి మళ్ళీ ముంచాను. పది సెకన్లకు పైపు మధ్యలో నీళ్ళ మీద జిడ్డు తేలింది, దాని వెంటే సన్నని బుడగలు దారం కట్టినట్టు పైకి వచ్చాయి. "మామా, అదిగో!" అని మావాడు కేక పెట్టాడు.

సరిగ్గా క్లిప్పు పట్టుకునే చోట. క్లిప్పులోని రబ్బరు ఎప్పుడో రాయిలా గట్టిపడి, ఇంజిన్ అదురుకు పైపును అరగదీసింది. బయట 6 మి.మీ., లోపల 4 మి.మీ. ఉన్న పైపు అది. అరిగిన చోట నెలవంక ఆకారంలో 5 మి.మీ. చీలిక, సూది మొన దూరుతోంది. దాని మీద పాత రంగు, గడ్డకట్టిన గ్రీజు, దుమ్ము కలిసి బిరడాలా కూర్చున్నాయి. చల్లగా ఉంటే మూత, సైలెన్సర్ వేడికి కరిగితే దారి.

ఇత్తడి వెల్డింగ్ చేయించి, కొత్త రబ్బరు చుట్టి బిగించాను. ఇప్పుడు వేడి మీద 500 నుంచి 480కి 14 సెకన్లు. రేసు 600కీ 660కీ మధ్య మాత్రమే ఊగుతోంది.

మిగిలిన ఆ 60 ఎక్కడిది? నా అనుమానం వెంచురీలో గాలిని అడ్డుకునే రేకు, అంటే ఫ్లాప్, తిరిగే కడ్డీ మీద. చేత్తో కదిపితే ఆడుతోంది, డయల్ గేజి పెడితే 0.35 మి.మీ. చూపించింది. ఇలాంటి చోట పెట్రోలో, స్టార్టింగ్ స్ప్రేయో కొట్టి చూడమని చాలామంది చెబుతారు. పెట్రోలు బండికి సరే, డీజిల్ ఇంజిన్‌కు అది తప్పు సలహా. పీల్చినదంతా సిలిండర్లో మండి రేసు లేస్తుంది, లీకు ఉన్నదీ లేనిదీ తేలదు, పైగా ప్రమాదం. నేను కడ్డీ రెండు కొనలకూ చిక్కటి గ్రీజు దట్టించాను. ఊగుడు 20కి తగ్గింది. పది నిమిషాల్లో గ్రీజు లోపలికి పీల్చుకుపోయింది, మళ్ళీ 60. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కడ్డీ తిరిగే చోట గన్‌మెటల్ బుష్‌లు (చిన్న గొట్టం ముక్కలు) లేత్ మీద తిప్పించి వేయాలి. కడ్డీ కూడా ఒక పక్క అరిగినట్టుంది, కొత్తది చేయించడమే మేలేమో చాచాను అడగాలి. అది అయ్యాక వ్యాక్యూమ్‌తో బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ వంతు. దానికి ఈ నీళ్ళ పైపు పనికిరాదు. పాదరసం లెక్కలో 500 మి.మీ. అంటే నీళ్ళ లెక్కలో 6.8 మీటర్లు, వ్యాక్యూమ్ గేజే కొనాలి. బూస్టర్ నమ్మకంగా పనిచేస్తే తప్ప దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగే ఆలోచన పెట్టుకోను.

ఆదివారం లేత్ షాపు తెరవరు కాబట్టి బుధవారమే వెంచురీ విప్పి మిర్యాలగూడ తీసుకెళ్తున్నాను.