ఏప్రిల్ పెళ్లికి చామంతి అడిగేవాళ్లకు

"అక్కా, ఏప్రిల్‌లో పెళ్లి, పసుపు చామంతి కావాలి" అని ఫోన్లు వస్తున్నాయి. మా చేవెళ్ల వైపు చామంతి చలికాలపు పువ్వు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ కడుతుంది. అందుకే జూన్, జూలైలో నాటిన నారు నవంబర్ నుంచి సంక్రాంతి దాకా విరగబూస్తుంది. రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరిపే రైతులూ ఉన్నారు. నాకు మాత్రం చలిలో విచ్చిన పువ్వే ఇష్టం. రేకు గట్టిగా ఉంటుంది, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరినా వాడదు. బంతి అయితే నాటిన రెండు నెలలకు అటూ ఇటుగా కోతకొస్తుంది, బతుకమ్మకు లెక్క చూసి నాటుతాం.

ఏప్రిల్ పెళ్లికి మల్లెలు అడగండి, అది వాటి కాలం. నేను మల్లె వేయలేదు గానీ, మంచి తోట ఉన్నవాళ్ల నంబర్ ఇస్తాను.