ఆయన రిటైరయ్యేలోగా కాలువను రాసుకున్నాం: నా అనుభవం

గోదావరి డెల్టాలో ఒక పంట కాలువను చూసుకునే నీటిపారుదల సెక్షన్‌కు సహాయ ఇంజనీరుగా నేను 2023 మొదట్లో చేరేనాటికి, ఆ కాలువ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషికి సర్వీసు ఇంక ఏడాదిన్నర మాత్రమే మిగిలి ఉంది. ఆయన 1980లలో లస్కరుగా, అంటే గట్టు మీద తిరుగుతూ షట్టర్లు తిప్పి కాలువను కాచుకునే పనిలో చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరు అయినవారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 2022 జనవరి నుంచి 60 ఏళ్ల నుంచి 62కు పెంచడంతో, వయసు నిండి వెళ్లిపోయేవారు రెండేళ్ల పాటు దాదాపు లేకపోయారు. 2024 రాగానే ఆ వరుస మళ్లీ మొదలవుతుందని అందరికీ తెలుసు. అయినా ఈలోగా వారి దగ్గర ఏం తెలుసుకుని ఉంచుకోవాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. నాకు కూడా ఒక తప్పు చేసిన తర్వాతే వచ్చింది.

ఆ ఏడాది సార్వాలో, అంటే వానాకాలపు వరి పంటలో, ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టారు. కాలువ చివరన ఉన్న శివారు భూములకు నీరు అందడం లేదని రైతులు వచ్చి అడిగితే, నేను గేజి (నీటిమట్టం చూపే అంకెల పలక) చూసి, పట్టికలో లెక్క సరిచూసుకుని, షట్టరు ఇంకొంచెం ఎత్తించాను. నీరు శివారుకు చేరకముందే మధ్యలో గట్టు పల్లంగా ఉన్నచోట పొర్లి, ఒక రైతు నారుమడిని ముంచేసింది. ఆయన తిరిగి వచ్చాక చెప్పిన కారణం ఒక్క వాక్యమే. కొన్నేళ్ల కిందట మరమ్మతు చేసినప్పుడు గేజి పలకను అర అడుగు ఎత్తులో బిగించారు, కాబట్టి అది చూపే అంకె అసలు నీటిమట్టం కన్నా ఎప్పుడూ అర అడుగు తక్కువే ఉంటుంది. ఆయన ప్రతిరోజూ మనసులో ఆ అర అడుగు కలుపుకునే షట్టరు తిప్పేవారు. ఈ సంగతి అప్పటి ఇంజనీరుకు చెప్పారట. ఆ ఇంజనీరు బదిలీ కావడంతో సంగతి కూడా అక్కడితో ఆగిపోయింది. నారుమడి పోగొట్టుకున్న రైతు ముందు నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చిన ఆ రోజునే, ఇటువంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో ఆయన వెళ్లేలోగా తెలుసుకోవాలని నిర్ణయించుకున్నాను.

విశాఖపట్నంలో ఒక కర్మాగారంలో పనిచేసే నా స్నేహితురాలిని సలహా అడిగాను. 2015లో సవరించిన ఐఎస్ఓ 9001 నాణ్యతా ప్రమాణంలో, సంస్థ తన పనికి అవసరమైన పరిజ్ఞానాన్ని గుర్తించి, నిలుపుకుని, అవసరమైన వారికి అందుబాటులో ఉంచాలని ప్రత్యేకంగా ఒక నిబంధన చేర్చారని, దాని కోసం తమ దగ్గర పదవీ విరమణ చేసేవారితో ఒక ఫారం నింపిస్తారని ఆమె చెప్పింది. దాన్ని చూసి నేను ముప్పై ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేసి ఆయనకు ఇచ్చాను. వారం తర్వాత వచ్చిన కాగితంలో గేజి చూడాలని, షట్టర్లకు గ్రీజు పెట్టాలని, గట్టు మీద తిరగాలని మూడు వాక్యాలు మాత్రమే ఉన్నాయి. ఆ తర్వాత ఆఫీసులో కూర్చోబెట్టి ఫోన్‌లో ఆయన మాటలు రికార్డు చేశాను. అధికారి ముందు ఏం చెబితే మర్యాదగా ఉంటుందో అదే చెప్పారు. ఆయన దాచుకున్నది ఏమీ లేదు. తనకు తెలిసినదాన్ని ఒక విషయంగా విడదీసి చెప్పే అవసరం ఆయనకు నలభై ఏళ్లలో ఎన్నడూ రాలేదు, అంతే.

దారి దొరికింది 2024 వేసవిలో, దాళ్వా, అంటే రెండో పంట, ముగిసి కాలువ కట్టేసిన తర్వాత. నీళ్లు లేని కాలువ అడుగున ఇద్దరం నడవడం మొదలుపెట్టాం. ఔట్‌సోర్సింగ్ మీద కొత్తగా చేరిన ఇద్దరు లస్కర్లను కూడా వెంట తీసుకెళ్లాను. మొదటి రోజు మూడు కిలోమీటర్లు కూడా దాటలేకపోయాం, ఎందుకంటే ప్రతి వంద గజాలకూ ఆయన ఆగి ఏదో ఒకటి చూపించారు. ఒక మలుపు దగ్గర పూడిక ఎప్పుడూ ఎడమవైపే పేరుకుంటుందని, అందువల్ల అక్కడి తూముకు నీరు అందడం లేదని ఫిర్యాదు వస్తే ముందుగా చూడవలసింది షట్టరును కాదని చెప్పారు. ఒక తూము మర అరిగిపోయి మొదటి ఒకటిన్నర చుట్టు ఉత్తినే తిరుగుతుందని, చుట్లు లెక్కపెట్టి తెరిచేవారికి అక్కడ లెక్క తప్పుతుందని చేత్తో తిప్పి చూపించారు. గట్టులో కుళ్లిపోతున్న తాటి మొద్దులు, ఎండ్రకాయల బొరియలు ఉన్నచోట్ల ఆగి, ఏ ఏడాది ఎక్కడ గండి పడబోయి తప్పిందో చెప్పారు. "ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "ఇక్కడికొస్తేనే గుర్తొస్తాయండి మేడం గారూ, ఆఫీసులో కూర్చుంటే ఒక్కటీ తోచదండి" అన్నారు.

అన్నిటికన్నా విలువైనది బుంగల గురించి, అంటే నీరు గట్టు లోపలి మట్టిని కోసుకుంటూ బయటికి వచ్చే రంధ్రాల గురించి, ఆయన చెప్పింది. 1986 ఆగస్టు వరదలో, కుర్ర లస్కరుగా ఉన్నప్పుడు, ఆయనను ఏటిగట్టు కాపలాకు పంపారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండో, 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది వరద మూడో హెచ్చరిక మట్టాన్ని కూడా దాటి, డెల్టాలో చాలాచోట్ల గట్లను తెంచేసింది. గట్టు వెలుపలి అంచున కనబడే నీటిని ఆయన చెమ్మ, ఊట, బుంగ అని మూడు మాటలతో వేరు చేసేవారు. ఊట నీరు తేటగా ఉన్నంతవరకు కాపలా ఉంటే చాలు. మట్టి రంగు కనబడిందంటే నీటితో పాటు గట్టు లోపలి మట్టి కూడా కదిలి వస్తున్నట్టే, ఇక ఆలస్యం చేయకూడదు. అప్పుడు ఎవరికైనా ముందు తోచే పని వెలుపలి రంధ్రంలో బంకమట్టి కుక్కడం. అలా చేస్తే నీరు పక్కనుంచి మరో దారి చేసుకుంటుంది. రంధ్రం చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీరు ఎత్తుగా నిలిచేలా చేస్తే, ఆ నీటి బరువుకు లోపలి నుంచి వచ్చే వేగం తగ్గి మట్టి రావడం ఆగుతుంది. మూయడమంటూ ఉంటే కాలువ వైపు నుంచే మూయాలి. ఇది ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్నదే, నేను చదివి పరీక్ష రాసినదే. కానీ తేట నీటికీ మట్టి నీటికీ మధ్య రంగు మారే ఆ ఘడియను లాంతరు వెలుగులో చూసి గుర్తుపట్టినవారు ఆయన.

రాసేటప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. మొదటి ప్రతిలో ఆయన మాటలన్నిటినీ సాంకేతిక పదాల్లోకి మార్చి, బుంగను పైపింగ్ అని, పూడికను సిల్టేషన్ అని రాశాను. కుర్రలస్కర్లకు చదివి వినిపిస్తే వారికి అది తమ కాలువ గురించే అన్న సంగతి కూడా తెలియలేదు. రెండో ప్రతిని వారి చేతే, ఆయన మాటల్లోనే రాయించాను. కాలువను పైనుంచి శివారు వరకు ఒక గీతగా గీసి, ఏ కిలోమీటరు దగ్గర ఏముంది, ఏం చూడాలి, ఏం చేయాలి, ఎందుకు, ఎవరు చెప్పారు, ఏ ఏడాది చూశారు అన్నవి ఒక్కో పుటలో పెట్టాం. ఫోటోలను, ఆయన గొంతును ఫోన్‌లలో అదే వరుసలో ఉంచాం.

ఆయన కొన్ని విషయాలు చెప్పడానికి వెనుకాడారు. గేజికి అర అడుగు కలుపుకున్నానని రాస్తే, ఇన్నాళ్లూ రిజిస్టరులో వేసిన అంకెల మాటేమిటని రేపు ఎవరైనా అడిగితే తన పెన్షను ఏమవుతుందోనన్నది ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే. దాన్ని పక్కన పెట్టి జ్ఞానాన్ని మాత్రం ఇమ్మనడం అన్యాయం. అటువంటి పుటలన్నిటి కిందా ఈ సంగతి పరిశీలించి ధ్రువీకరించానని నేను సంతకం చేశాను. పైఅధికారికి నివేదిక రాసి, ఆ వేసవిలోనే గేజి పలకను సరైన మట్టానికి బిగించాం. ఆ తర్వాతే ఆయన మిగతావి చెప్పారు. పక్క సెక్షన్‌లోని మరో సీనియర్ లస్కరు రెండుచోట్ల ఆయనతో విభేదించారు. ఎవరిది సరైనదో తేల్చే అర్హత నాకు లేదు కాబట్టి రెండు మాటలనూ పేర్లతో పక్కపక్కనే రాయించాను.

ఆయన జూన్ నెలాఖరున రిటైరయ్యారు. ఆ వానాకాలంలో కాలువ నిండుగా పారుతున్న ఒక రాత్రి, కుర్రలస్కర్లలో ఒకరు ఫోన్ చేసి, ఐదో కిలోమీటరు దాటాక ఊట కనబడిందని, ఇంకా తేటగానే ఉందని, ఇసుక బస్తాలు దగ్గర పెట్టుకుని కూర్చున్నామని చెప్పాడు. నేను చేరేసరికి నీటికి రంగు తిరిగింది, బస్తాల వలయం సగం పైకి లేచింది. షట్టరు దించి కాలువ మట్టం తగ్గించాం. తెల్లవారేసరికి మట్టి రావడం ఆగింది. మర్నాడు అతను ఆ పుటలోనే కింద తన పేరు, తేదీ వేసి, ఊటకు ముందు అక్కడి గడ్డి రెండు రోజుల పాటు చుట్టుపక్కల కన్నా పచ్చగా ఉందని రాశాడు. అది ఆయన చెప్పినవాటిలో లేదు.

మురుగు కాలువల వైపు పని ఇంకా మిగిలే ఉంది. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రపు పోటు ఎక్కువై మురుగు బయటికి పోకుండా నిలిచినప్పుడు, పైన వాన పడుతోందని తెలిస్తే పంట కాలువలో నీటిని ఎప్పుడు, ఎంత తగ్గించాలో తెలిసినవారు శివారులో ఒక్కరే ఉన్నారు. వచ్చే ఏడాది ఆయన కూడా రిటైరవుతారు. కాలువ కట్టేసేదాకా ఆగకుండా, ఈ అమావాస్యకే ఆయనతో పాటు మురుగు సముద్రం వైపు బయటికి పోయేచోట ఉండే తూము, ఔట్‌ఫాల్ స్లూయిజ్, దగ్గరికి వెళ్లాలని ముగ్గురం అనుకున్నాం.