ప్యాకెట్టుగాడు రాస్తున్నది

మన పదో తరగతి బ్యాచ్ అంతా ఓ ఆదివారం కలుస్తున్నాం కదా, దానికి వేసే పుస్తకం కోసం కమిటీవాళ్ళు గ్రూపులో ఒకటే పోరు, "నువ్వు కూడా ఒక పేజీ రాయి అబ్బయా" అని. జామచెట్టు సంగతి, సోషలయ్యోరి గొడుగు సంగతి ఎట్టాగూ మిగతావాళ్ళు రాస్తారు, నేను మన తెలుగయ్యోరి గురించే రాస్తా.

94 బ్యాచ్ మొత్తంలో నన్ను పేరు పెట్టి పిలిచింది ఆయనొక్కరే. మీకందరికీ నేను ప్యాకెట్టుగాణ్ణే కదా. మా నాయన సారా ప్యాకెట్లు తాగి బస్టాండు అరుగు మీద పడిపోయేవాడు, మీరు బడికొచ్చే దోవ కూడా అదే, ఇంక చెప్పేదేముంది. ఖాళీ ప్యాకెట్లు ఏరుకొచ్చి నా సంచిలో వేసేవాళ్ళు, ఆ ఏడాదంతా సైన్సు పుస్తకం సారా కంపే. ఇంటికి పోతే అమ్మ కూలి డబ్బులు ఎక్కడ దాచిందో అని నాయన గిన్నెలన్నీ బోర్లించేవాడు, చెల్లెలు మంచం కింద దూరేది. రెండు చోట్లా నోరెత్తకుండా ఉండటం అలవాటైపోయింది నాకు.

తొమ్మిదిలో ఉండగా, 1992లో, ప్రేయర్లో వార్తలు చదివే మన క్లాసు ఫస్టుకి అమ్మవారు పోసింది. అయ్యోరు పేపరు తెచ్చి నా చేతిలో పెట్టారు, నాకే ఎందుకు ఇచ్చారో ఎప్పుడూ చెప్పలా. వెనక వరసలోంచి "ప్యాకెట్టు న్యూస్" అని అరిచిన మనిషి ఇప్పుడు మన కమిటీ ట్రెజరరు, పేరు రాయనులే. నాకు గొంతు పెగల్లేదు. అయ్యోరు వాణ్ణి కొట్టలా, నన్ను ఓదార్చలా. మర్నాడు మళ్ళీ పేపరు నాకే, ఆ తర్వాతా నాకే. సాయంత్రం బడి వదిలాక వరండా ఆ చివర నిలబడి నన్ను ఈ చివర చదవమని "వినపడలా" అనేవారు, అంతే, ఇంకో మాట ఉండదు. ఫస్టుకి తగ్గి బడికొచ్చినా పేపరు నా దగ్గరే ఉండిపోయింది.

అప్పుడే మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా దుకాణం మూయించిన కబురు జిల్లా అంతా పాకింది. రాత్రిబడికి పోయి పలక పట్టిన అమ్మలు చీపుర్లు పట్టారు, రోజూ పేపర్లో ఏదో ఒక ఊరు. ఒకరోజు మన ఊరే వచ్చింది. చెరువుకట్ట మీద సారా జీపుని ఆపేశారని, చిన్న వార్త. మా అమ్మ ఉంది అందులో, సరే. ట్రెజరరు వాళ్ళమ్మా ఉంది, పేపర్లో పేర్లు లేకపోయినా మనం కట్ట మీద చూసిందే కదా. చదవటం అయ్యాక తలెత్తి వెనక వరస చూశా, ఒక్కడూ నవ్వలా. ఎవరింట్లో లేదు చెప్పండి ఆ గోల, మా నాయన బజార్లో పడిపోయాడు, మీ నాయన్లు ఇంట్లో పడిపోయారు, తేడా అంతే.

1993 అక్టోబర్ 1 నించి రాష్ట్రమంతా సారా బంద్. మా నాయన మాత్రం సారా మాని బ్రాందీకి మారాడు. పదో తరగతి ఎట్టా గడిచిందో ఒక్క ముక్క గుర్తులేదు, సెకండు క్లాసులో పాసయ్యా.

ఇప్పుడు గూడూరులో గూడ్సు గార్డుని, ఈమధ్య ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఎంత పెద్ద ఇంజనున్నా వెనక నేను సరే అనందే బండి కదలదు. చెల్లెలు నెల్లూరులో నర్సు. అమ్మ నా దగ్గరే ఉంది, పొద్దున్నే పేపరు తనే పట్టుకుంటుంది, నా చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం.

అయ్యోర్ని కూడా తీసుకొస్తున్నారంట, చెవులు సరిగ్గా లేవంట, ఈసారి నిజంగానే "వినపడలా" అంటారేమో. ఆ ఆదివారం రెస్టు అడిగా, ఇచ్చేట్టే ఉన్నారు. ట్రెజరరుగారూ, చందా ఫోన్‌పే చేశా, రసీదు మీద అసలు పేరు రాయండి.