అడిగి, ఆగడం

పిల్లల రక్షణ పనికోసం శిక్షణ తీసుకుంటున్నాను. ఈరోజు క్లాసంతా ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది. ఇంట్లో దెబ్బలు తింటున్నాడేమో అని అనుమానం ఉన్న పిల్లాడితో మాట ఎలా మొదలుపెట్టాలి? "నాన్న కొట్టాడా?" అంటే జవాబు మనమే అందించినట్టు. పెద్దవాళ్ళ మొహం చూసి పిల్లలు తల ఊపేస్తారు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే, ముందు చెప్పింది తప్పేమోననుకుని మాట మార్చేస్తారు. రేపు కోర్టులో ఆ మాట నిలబడకపోతే నష్టం పిల్లాడికే. అందుకే "ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు" అని అడిగి ఊరుకోవాలి. "తెలీదు" అన్నా ఫరవాలేదని ముందే చెప్పాలి.

ఇద్దరిద్దరం కూర్చుని సాధన చేశాం. నా ఎదుటావిడ ఏడేళ్ళ పాపగా నటించాలి. చాలాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉండిపోయింది. ఏదో ఒకటి అనేయాలని ప్రాణం కొట్టుకుంది నాకు. ఆగాను. చివరికి "అమ్మకి చెప్పనంటేనే చెప్తా" అంది.

సరేనంటే పాప మాట్లాడుతుంది. కానీ అనకూడదు. బిడ్డ ప్రమాదంలో ఉందని తెలిశాక ఆ సంగతి మనలోనే దాచుకోవడానికి వీల్లేదు. "నిన్ను కాపాడేవాళ్ళకి చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పినా ముందు నీకు చెప్తాను" అన్నాను. నటనే అయినా ఆవిడ మొహం ముడుచుకుపోవడం చూసి మనసు చివుక్కుమంది.

ఇంటికొచ్చి ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక మళ్ళీ తీశాను. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకు ఉందనీ, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలనీ 12వ అధికరణం అంటుంది. బిడ్డ మేలు కోసం తప్పనిసరైతే తప్ప తల్లిదండ్రుల నుంచి విడదీయకూడదంటుంది 9వది. ఇంట్లో తిండి లేకపోవడం వేరు, ఉండి పెట్టకపోవడం వేరు. మొదటిదానికి కావాల్సింది ఆ ఇంటికి సాయం, బిడ్డను తీసుకుపోవడం కాదు. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనబడగలవు. నా భయమంతా అదే.

తర్వాతి పాఠం కోర్టుకి నివేదిక రాయడం. పాప ఏం కోరుకుంటోందో ఒక పేరా, తన మాటల్లోనే. తనకు ఏది మేలని నాకు తోస్తోందో ఇంకో పేరా. రెండూ కలవకపోతే, కలవలేదనే రాస్తాను.